ఆ మాటకి అర్థం ఏంట్రా అని అడిగితే

అందరికీ నమస్కారం. ఏలూరు రోడ్డులో ట్రాఫిక్‌కి లేటయింది, ఏమనుకోకండి. కుర్రాళ్ళు, రాజకీయాలు అని పెద్ద టాపిక్ ఇచ్చారు గానీ నేను మా ఇంటి గొడవతోనే మొదలుపెడతా.

మొన్నీమధ్య మా మేనల్లుడు, ఇంజనీరింగ్ సెకండియర్, వాట్సాప్ స్టేటస్‌లో 'ఆజాదీ', అంటే స్వేచ్ఛ, అని పెట్టి పక్కన పిడికిలి బొమ్మ పెట్టాడు. పొద్దున్నే మా బావ ఫోను, వీడు దేశద్రోహుల్లో కలిసిపోయాడు అని. 2016లో ఢిల్లీ జేఎన్‌యూ యూనివర్సిటీలో ఆ నినాదాల మీద లేచిన దేశద్రోహం గొడవంతా టీవీలో చూసిన మనిషి, ఆ మాట వింటే ఆయనకి గుర్తొచ్చేది అదే. సాయంత్రం వెళ్ళి కుర్రాణ్ణి అడిగితే, 'ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని హాల్ టికెట్లు ఆపారు మావయ్యా, గేటు దగ్గర కూర్చుని అరిచాం, రీల్స్‌లో విన్నా, బీట్ బావుంటది' అన్నాడు. ఆ మాట కశ్మీర్లో దేశం నుంచి విడిపోవడాన్ని అడిగిందనీ ఆడవాళ్ళ ఉద్యమాల్లో మగపెత్తనం నుంచి విడుదల అడిగిందనీ వాడికి తెలీదు. బావకీ తెలీదు లెండి.

పక్కనే పేపరు చదువుతున్న బావ వాళ్ళ నాన్నగారు నవ్వడం మొదలెట్టారు. ఎందుకంటే 1972లో ముల్కీ రూల్స్, అంటే తెలంగాణలో ఉద్యోగాలు అక్కడివాళ్ళకే అనే రూల్స్, చెల్లుతాయని సుప్రీంకోర్టు అన్నాక ఇదే బెజవాడలో తారు డబ్బా పట్టుకుని గోడల మీద 'జై ఆంధ్ర' రాసింది ఆయన, అంటే తెలంగాణ నుంచి విడిపోదాం అని. 2013లో ఆయన కొడుకు, అదే మా బావ, బెంజ్ సర్కిల్లో గొంతు పోయేదాకా 'జై సమైక్యాంధ్ర' అన్నాడు, అంటే కలిసుందాం అని. అలాంటి ఇంట్లో మూడక్షరాల మాటకి పంచాయితీ!

'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' కూడా అంతే, 1966లో మన గుంటూరు జిల్లా అమృతరావుగారు నిరాహార దీక్షకి కూర్చున్నప్పుడు ఫ్యాక్టరీ పెట్టండి అని, 2021లో ఫ్యాక్టరీ అమ్మకండి అని. ఒక్క అక్షరం మారలా.

భగత్ సింగ్‌కీ తప్పలేదు ఇది. 1929 ఏప్రిల్ 8న అసెంబ్లీలో బాంబు వేసి 'ఇంక్విలాబ్ జిందాబాద్', అంటే విప్లవం వర్ధిల్లాలి, అన్నాక, మోడరన్ రివ్యూ అనే ఇంగ్లీషు పత్రిక ఎడిటర్ రామానంద చటర్జీ ఆ నినాదాన్ని ఎగతాళి చేస్తూ రాశారు. జైల్లోంచి భగత్ సింగ్ జవాబు రాశాడు, అప్పటికి వయసు 22. రక్తపాతం ఎప్పటికీ సాగాలని కాదండీ దానర్థం, మేం 'జతిన్ దాస్ జిందాబాద్' అంటే జతిన్ దాస్ ఒంటితో బతికున్నాడనా, అని. జైల్లో 63 రోజులు నిరాహార దీక్ష చేసి అప్పటికే చనిపోయాడు భగత్ సింగ్ తోటి ఖైదీ జతిన్ దాస్. ఆ ఎడిటర్‌కి కోపం తెచ్చుకోకుండా ఓపిగ్గా చెప్పాడు చూడండి, అది నాకు బాంబు కన్నా పెద్ద పనిలా కనపడుతుంది.

అలాగని కుర్రాళ్ళు ఏమరిచినా రైటే అనను. పక్కవీధి వాళ్ళని భయపెట్టడానికే అరిచే నినాదాలు ఉంటాయి, వాటికి నా ఉద్దేశం అది కాదంటే కుదరదు, వినేవాడి గుండెలో ఏం పడిందో అదీ లెక్కే. మా వాడికి అదే చెప్పా. కాసేపు మొహం ముడుచుకుని తర్వాత స్టేటస్ కింద ఒక లైన్ కలిపాడు, 'ఫీజు బకాయిలు కట్టండి, హాల్ టికెట్లు ఇవ్వండి' అని.

తాతగారు కళ్ళజోడు సర్దుకుని చదివి, 'నేను రాసినదానికన్నా నయంరా, కనీసం ఏం కావాలో ఉంది' అన్నారు. బావ మాత్రం ఇంకా ఆ స్టేటస్ తీసెయ్ అనే అంటున్నాడు.

సరే, మైకు వెనక్కి ఇవ్వండి, ఎవరన్నా అడగండి.