ఒళ్లు చల్లబడినప్పుడు ఈసీజీ చెప్పేది

నమస్కారం. మంచులో చిక్కుకున్న వ్యక్తినో, చన్నీటిలో చాలాసేపు ఉండిపోయిన వ్యక్తినో ఆసుపత్రికి తెచ్చినప్పుడు, ఆ ఈసీజీని (గుండెలోని విద్యుత్ చర్యను గీతగా చూపే పరీక్షను) ఒంటి ఉష్ణోగ్రతతో కలిపి చదవకపోతే ప్రాణాంతకమైన పొరపాటు జరగవచ్చు.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే దానిని హైపోథెర్మియా అంటారు. తొలిదశలో వణుకు వల్ల ఈసీజీ గీత అంతా అదురుతూ కనిపిస్తుంది. ఒళ్లు ఇంకా చల్లబడితే వణుకు ఆగిపోతుంది కానీ, దానిని కోలుకుంటున్న లక్షణంగా భావించకూడదు. గుండె కణాల్లో అయాన్ల (పొటాషియం వంటి విద్యుదావేశం గల రేణువుల) రాకపోకలు చలికి మందగిస్తాయి కనుక నాడి నెమ్మదిస్తుంది. పీఆర్, క్యూఆర్‌ఎస్, క్యూటీ వ్యవధులు, అంటే విద్యుత్ సంకేతం గుండె పై గదుల నుంచి కింది గదులకు చేరడానికి, కింది గదుల్లో వ్యాపించడానికి, అవి ఉత్తేజితమై తిరిగి యథాస్థితికి రావడానికి పట్టే సమయాలు, మూడూ పెరుగుతాయి. 32 డిగ్రీల కంటే దిగువన ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి అదరడం) తరచుగా కనిపిస్తుంది. 28 కంటే తగ్గితే రోగిని కాస్త మొరటుగా కదిలించినా వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (కింది గదులు అదురుతూ రక్తాన్ని పంపలేని ప్రాణాంతక స్థితి) మొదలయ్యే ప్రమాదం ఉంది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆస్బోర్న్ తరంగం. క్యూఆర్‌ఎస్ ముగిసి ఎస్‌టీ అనే చదునైన భాగం మొదలయ్యే చోట అది ఎద్దు మూపురంలా పైకి లేస్తుంది. 1938లోనే పరిశోధకుడు తొమషెవ్‌స్కీ దీనిని గమనించినా, 1953లో కుక్కలపై చేసిన ప్రయోగాల్లో వివరించిన జాన్ ఆస్బోర్న్ పేరే స్థిరపడింది. గుండె గోడ వెలుపలి పొరలో పొటాషియం బయటికి వెళ్లే ఒక ప్రవాహం లోపలి పొరలో కంటే బలంగా ఉంటుంది. చలి ఆ తేడాను ఎక్కువ చేయడమే ఈ మూపురానికి కారణం. రక్తంలో కాల్షియం పెరిగినప్పుడు, మెదడులో రక్తస్రావం జరిగినప్పుడు కూడా ఇటువంటి తరంగం రావచ్చు.

ఈసీజీ యంత్రం ఈ మూపురాన్ని గుండెపోటుగా పొరబడవచ్చు. ఆ మాట నమ్మి రక్తపు గడ్డను కరిగించే మందు ఇస్తే, అసలు రోగానికి మేలు జరగకపోగా రక్తస్రావం ముప్పు తోడవుతుంది. మామూలు గాజు థర్మామీటర్లలో చాలావాటి కొలత 35 దగ్గరే మొదలవుతుంది కనుక వాటితో ఈ స్థితి బయటపడదు. తక్కువ ఉష్ణోగ్రతను కొలవగల పరికరాన్ని అన్నవాహికలోనో, మలద్వారంలోనో ఉంచి చూడాలి. నెమ్మదించిన నాడికి, దాన్ని వేగవంతం చేయడానికి ఇచ్చే ఎట్రోపిన్ మందు సరిగా పనిచేయదు, వెచ్చబరచడమే చికిత్స.

1999లో నార్వేలో మంచు కింద నీటిలో చిక్కుకున్న 29 ఏళ్ల వైద్యురాలి ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయింది. ఈసీజీలో చలనమే లేదు. ట్రోమ్సో ఆసుపత్రిలో గుండె–ఊపిరితిత్తుల యంత్రంతో రక్తాన్ని వెచ్చబరిచాక ఆమె గుండె తిరిగి కొట్టుకుంది. అందుకే అటువంటి రోగి వెచ్చబడకముందే, చదునైన గీత ఒక్కదాన్నే చూసి మరణం నిర్ధారించరు.

వెచ్చబడేకొద్దీ మూపురం తగ్గి, వ్యవధులు మామూలు స్థితికి వస్తాయి. చికిత్స సాగుతున్నంతసేపూ తీసే ప్రతి ఈసీజీ కాగితం మీదా అప్పటి ఉష్ణోగ్రతను రాసి ఉంచాలని వైద్య సిబ్బందిని ప్రత్యేకంగా కోరుతున్నాను.