కుప్పం పక్కన దొరికిన న్యూట్రినో

(సైన్స్ దినోత్సవం నాడు తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, నా పాత విద్యార్థులకు నమస్కారం. శాలువాలతోనే సగం సమయం అయిపోయింది. నేరుగా విషయంలోకి వస్తాను.

న్యూట్రినో క్షయమవుతుందా? ఇదీ నాకిచ్చిన అంశం. న్యూట్రినో అంటే విద్యుదావేశం లేని, బండల్ని కూడా దాటిపోయే అతి తేలికైన కణం. అవి మూడు రకాలు. ప్రయాణంలో ఒక రకం మరో రకంగా మారుతుందని 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే అనే పరికరం చూపించింది. ఆ మార్పులో మళ్ళీ మొదటి రకానికి తిరిగి రావచ్చు. క్షయంలో తిరిగి రావడం ఉండదు. బరువైన న్యూట్రినో ఒక ఫోటాన్‌ను, అంటే కాంతి కణాన్ని, వదిలి తేలికైనదైపోతుంది. మామూలు లెక్కల ప్రకారం అందుకు విశ్వం వయసు, 1380 కోట్ల ఏళ్ళు, ఏ మూలకూ చాలదు.

సూపర్‌సిమెట్రీ అనే సిద్ధాంతంలో ప్రతి కణానికీ ఒక జోడీ ఉంటుంది. ఎలక్ట్రాన్‌కు సెలెక్ట్రాన్, ఫోటాన్‌కు ఫోటినో. ఆర్-పారిటీ అనే కట్టుబాటు ఈ రెండు వర్గాలనూ కలవనివ్వదు. అది సడలితే, పాలలో నీళ్ళలా న్యూట్రినోలో న్యూట్రలినో అనే ఆవేశం లేని జోడీ కణం కాస్త కలుస్తుంది. దాంతో న్యూట్రినోకు ద్రవ్యరాశి వస్తుంది, క్షయానికి కొత్త దారులు తెరుచుకుంటాయి. కణాలను ఢీకొట్టించే ఎల్‌హెచ్‌సీ యంత్రంలో ఇప్పటిదాకా ఒక్క జోడీ కణమూ కనబడలేదు. ఆ మాట మీ దగ్గర దాచను.

ఇక్కడ మా మామ గురించి చెప్పాలి. కుప్పంలో రైలెక్కి, బంగారుపేటలో మారి, కేజీఎఫ్, అంటే కోలార్ బంగారు గనికి పనికి పోయేవాడు. నా చిన్నప్పుడు ఒకసారి అన్నాడు: "రేయ్ అబ్బోడా, లోపల చదువుకున్నోళ్ళు పెట్టెలు పెట్టుకోని కూర్చోనుండారు. బండలోనుంచి ఏదో వస్తాదంట, దానికోసం కాసుకోనుండారు." నేను నవ్వేశాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఆ వచ్చేది న్యూట్రినోయే. కేజీఎఫ్‌లోని ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున మన టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ శాస్త్రవేత్తలు కాపు కాశారు. పైనుంచి కురిసే మ్యూవాన్లనే కణాలను అంత బండ దాదాపుగా ఆపేస్తుంది. అడ్డంగా వచ్చే మ్యూవాన్ కనిపిస్తే అది న్యూట్రినో పుట్టించిందే. 1965లో దక్షిణాఫ్రికా గనిలో ఫ్రెడరిక్ రైన్స్ అనే శాస్త్రవేత్త బృందం కూడా గాలిపొరల్లో పుట్టే ఈ న్యూట్రినోలను చూసింది. ముందు పత్రం ప్రచురించింది మాత్రం మన గనివాళ్ళే. మన గని! కుప్పానికి అంత దగ్గర!

పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తానని నేను పనిచేసిన ఒక కాలేజీలో మూడుసార్లు అడిగాను. "సిలబస్‌లో లేదు కదండీ" అన్నారు. మూడుసార్లూ అదే మాట. 2001లో గని మూతపడింది. మామ అంతకుముందే పోయాడు.

క్షయం దగ్గరికి వస్తాను. 1987 ఫిబ్రవరి 23న, లక్షా 68 వేల కాంతి సంవత్సరాల దూరంలో పేలిన నక్షత్రపు న్యూట్రినోలు మన భూమిని దాటాయి. మొదటి సైన్స్ దినోత్సవానికి సరిగ్గా ఐదు రోజుల ముందు! మూడు దేశాల పరికరాలకు కలిపి పాతిక దాకా చిక్కాయి. దారిలో అవి ఫోటాన్లు వదిలి ఉంటే గామా కిరణాలు రావాలి. సోలార్ మాక్సిమమ్ మిషన్ ఉపగ్రహానికి వాటి జాడ తగల్లేదు. అంటే అలాంటి క్షయం ఉన్నా చాలా చాలా నెమ్మది. ఆర్-పారిటీ ఎంత సడలవచ్చో కొలిచేవాళ్ళకు ఇదొక గట్టి హద్దు.

కుప్పం, రామకుప్పం, శాంతిపురం వైపు పిల్లలు చేతులెత్తండి. ఇంతమందా! మీ ఇళ్ళలో గనికి పోయిన తాతలుంటే అడగండమ్మా, ఆ పెట్టెలు ఎవరు దించారో, ఎవరు మోశారో. మా మామ పేరు ఏ పత్రంలోనూ లేదు. చేతులెత్తినవాళ్ళు మీటింగ్ అయ్యాక వెళ్ళిపోకండి. పేర్లు రాసుకోవడానికి నోట్‌బుక్ తెచ్చుకున్నాను.