పుస్తకం ఆఖరి పేజీ తర్వాత మొదలయ్యే ఆట

అందరికీ నమస్కారం. హనుమకొండ ఎండలో, సెలవుల మధ్యాహ్నం పూట, ఇంతమంది తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. వీడియో గేముల మీద వచ్చే లెగో బొమ్మల గురించి, ఇంట్లో చేసుకునే రోబోల గురించి మాట్లాడమన్నారు. ఈ రెండూ వేర్వేరు దుకాణాల్లో దొరుకుతాయి గానీ, బొమ్మను విప్పనిస్తే ఒకదాని నుంచి ఇంకోదానికి పిల్లలు వాళ్లంతట వాళ్లే వెళ్తారు. విప్పనివ్వకపోతే బొమ్మ షోకేసులోకి పోతుంది. ఇవ్వాళ నేను చెప్పేదంతా ఈ విప్పడం గురించే.

ముందు ఇటుక సంగతి. లెగో అంటే బుడిపెలున్న చిన్న ప్లాస్టిక్ ఇటుకలు, ఒకదాని మీద ఒకటి బిగించి బొమ్మలు కడతారు. డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఉన్న లెగో కంపెనీ ఈ ఇటుక పేటెంట్ కోసం 1958 జనవరిలో దరఖాస్తు పెట్టింది. ఆనాటి ఇటుకకు ఈనాటి ఇటుక ఇప్పటికీ పడుతుంది. బుడిపెకు బుడిపెకు మధ్య 8 మిల్లీమీటర్లు, ఎత్తు 9.6. కొలత వెంట్రుకవాసి తప్పితే చాలు, బిగుసుకుపోయి పిల్లల వేళ్లకు ఊడదు, లేదా వదులై నిలబడదు. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు తీసుకుంటే, వాటిని 91 కోట్లకు పైగా రకాలుగా కలపొచ్చని గణిత శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. పెట్టెలో వచ్చే పుస్తకం అందులో ఒక్క రకాన్నే చూపిస్తుంది.

మన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం మీ అందరికీ తెలిసిందే. రాళ్లకు నంబర్లు వేసి విప్పారు, ఏళ్ల తరబడి పని చేసి మళ్లీ కూర్చి, 2024 మార్చిలో తెరిచారు. రాయిలో రాయి ఇమిడేలా కట్టారు కాబట్టే విప్పడం సాధ్యమైంది. విప్పేటప్పుడే ఏ రాయి దేని మీద బరువు మోపిందో తేటగా కనబడుతుంది. పిల్లలకూ అంతే, బొమ్మ లోపల ఏముందో విప్పితేనే తెలుస్తుంది.

ఇక గేముల బొమ్మలు. 2012లో మైన్‌క్రాఫ్ట్ పెట్టె వచ్చింది. ఆ గేమే దిమ్మెల గేము కనుక అందులో వింత లేదు. తర్వాత పాతకాలపు గేముల మీద 2022లో అటారి, 2023లో ప్యాక్‌మ్యాన్ పెట్టెలు వచ్చాయి. అవి ఎక్కువగా పెద్దవాళ్ల చిన్ననాటి జ్ఞాపకాల కోసం చేసినవి. వాటి మీద ఇంతకన్నా చెప్పను.

నేను ఆగి చూసేది జపాన్ గేముల కంపెనీ నింటెండో పేరుతో 2020లో వచ్చిన పెట్టెను. 2,646 ముక్కలు. కడితే ఒక గేము యంత్రం, దాని పక్కన పాతకాలపు టీవీ. టీవీకి ఒక పిడి ఉంటుంది. అది తిప్పితే తెర మీద నేల, గొట్టాలు, ఇటుకలు పక్కకు జరుగుతూ పోతాయి, ఆ గేము హీరో మారియో బొమ్మ ఎగురుతూ దిగుతూ ఉంటుంది. అందుకు మోటారు లేదు, కరెంటు లేదు. లోపల గొలుసులా చుట్టుకొని తిరిగే పట్టీ, దాని మీద ఎత్తుపల్లాలు, వాటి మీద జారుతూ మారియోను లేపే ఒక చేయి. అంతే. ఫ్యాక్టరీ యంత్రాల్లో వాడే క్యామ్ ఇదే.

ఆ పిడి తీసి మోటారు పెట్టొచ్చా అని ఏ పిల్లయినా అడిగిందంటే, రోబోటిక్స్ మొదలైనట్టే. మన దగ్గర దొరికే పసుపు రంగు గేర్ మోటారు నిమిషానికి ఇంచుమించు రెండు వందల చుట్లు తిరుగుతుంది, తెర పరుగెత్తిపోతుంది. మధ్యలో 8 పళ్ల చక్రంతో 40 పళ్ల చక్రాన్ని తిప్పించండి. వేగం ఐదో వంతుకు దిగుతుంది, తిప్పే బలం దాదాపు ఐదింతలవుతుంది. మోటారు ఇరుసు లెగో ఇరుసుకు నేరుగా పట్టదు. బిగుతైన రబ్బరు గొట్టం ముక్కతో రెండూ కలపండి.

అదే 2020లో లెగో వాళ్లు ఆడుకోవడానికి విడిగా తెచ్చిన మారియో బొమ్మ అడుగున రంగులు చూసే సెన్సర్ ఉంది. ఎరుపు మీద పెడితే లావా అనుకుంటుంది, నీలం మీద పెడితే నీళ్లనుకుంటుంది. దానితో ఆడిన పిల్లలకు సెన్సర్ అంటే ఏమిటో వేరే పాఠం అక్కర్లేదు.

లెగో కంపెనీ సొంత రోబో సెట్టు మైండ్‌స్టార్మ్స్ 1998లో, అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధనల ఆధారంగా వచ్చింది. 2022 చివర్లో దాన్ని ఆపేశారు. నాకది చాలా బాధ కలిగించింది. అయితే పైబ్రిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత సెట్లను ఇప్పటికీ ప్రోగ్రామ్ చేయొచ్చు. మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్, అంటే పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసే ప్రభుత్వ పథకం గది, ఉంటే ఆ గదిలో ఏమేమి ఉన్నాయో వెళ్లి అడగండి.

సెట్టు లేకపోయినా ఫర్వాలేదు, నల్ల గీత వెంట దానంతట అదే నడిచే బండి చేసుకోవచ్చు. ప్రోగ్రామ్ నడిపే ఆర్డుయినో ఊనో బోర్డు, దాని మాట ప్రకారం మోటార్లకు కరెంటు ఇచ్చే ఎల్298ఎన్ మోటారు డ్రైవర్, రెండు పసుపు మోటార్లు, కంటికి కనబడని ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని పంపి తిరిగొచ్చేది చూసే రెండు ఐఆర్ సెన్సర్లు, ముందర ఒక గుండ్రటి చిన్న చక్రం ఉంటే చాలు. తెల్ల చార్టు మీద నల్ల ఇన్సులేషన్ టేపుతో దారి వేయండి. తెలుపు కాంతిని వెనక్కి పంపుతుంది, నలుపు మింగేస్తుంది. ఎడమ సెన్సర్ కింద నలుపు వస్తే ఎడమ మోటారును ఆపాలి, బండి ఎడమకు తిరుగుతుంది. ప్రోగ్రామ్ మొత్తం నాలుగు షరతులు.

పిల్లలు చేతులెత్తేసేది మాత్రం ప్రోగ్రామ్ దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర. చదరపు 9 వోల్టుల బ్యాటరీ రెండు మోటార్లకు కావాల్సిన కరెంటు ఇవ్వలేదు. మోటార్లు తిరగబోగానే వోల్టేజీ పడిపోయి బోర్డు మళ్లీ మొదటికొస్తుంది. పిల్లలేమో కోడ్ తప్పనుకొని గంటలు గంటలు దిద్దుతూ కూర్చుంటారు. డ్రైవర్ కూడా దాదాపు 2 వోల్టులు తనే తినేస్తుంది. అందుకే రెండు 18650 లిథియం సెల్లులు వరుసగా కలపండి. పెద్దవాళ్లు పక్కన ఉండి కలపండి, వైర్లు తగులుకుంటే ఆ సెల్లులు మండుతాయి. బోర్డు గ్రౌండు, అంటే మైనస్ వైరు, డ్రైవర్ గ్రౌండుతో కలిసిందో లేదో చూడండి. బండి కదలకపోతే నేను మొదట వెతికేది ఆ ఒక్క వైరునే.

ఇంకో విషయం. ఎండలోనూ ఐఆర్ ఉంటుంది. కిటికీలోంచి ఎండ పడితే సెన్సర్‌కు నలుపు కూడా తెల్లగానే కనబడుతుంది. కాబట్టి కిటికీ పక్కన ఉన్న పిల్లలు పరదాలు వేయండి, మిగతావాళ్లు చార్టు చుట్టూ కూర్చోండి. బండి నడుపుదాం. ఆ తర్వాత స్క్రూడ్రైవర్లు ఇస్తాను, మీరే దాన్ని విప్పండి.