లాక్ నట్టు కీ పోతే చక్రం ఎలా విప్పాలి?

అక్క: అందరికీ నమస్తే. ఈ వారం లాక్ నట్లు, అంటే కారు చక్రాలు ఎవరూ ఎత్తుకుపోకుండా వేసే, దాని కీ ఉంటేనే విప్పగలిగే నట్లు. చెప్పాం కాబట్టి దాని మీదే ఉందాం, పోయిన వారంలా డీజిల్ దగ్గరికి వెళ్లొద్దు.

తమ్ముడు: డీజిల్ దగ్గరికి తీసుకెళ్లింది నువ్వే అక్కా.

అక్క: సరేలే. నల్గొండ నుంచి ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టారు. సెకండ్ హ్యాండ్ కారు, అల్లాయ్ చక్రాలు. టైర్లు మార్పిద్దామని వెళితే చక్రానికో నట్టు తేడాగా ఉంది, మామూలు స్పానర్ పట్టట్లేదు. దాని కీ లేదు. పాత ఓనరు ఫోన్ ఎత్తట్లేదు.

తమ్ముడు: మా షాపుకొచ్చే వాళ్లలో చాలామందికి అలాగే తెలుస్తుంది. కొనేటప్పుడు ఇంజను చూస్తారు, ఏసీ చూస్తారు, ఈ కీ సంగతి ఎవరూ అడగరు. ముందు కారంతా వెతకండి సార్. గుప్పిట్లో పట్టేంత ఇనుప ముక్క అది. ఒక పక్క నట్టు తల మీది గాడుల్లో కూర్చుంటుంది, రెండో పక్కకి మీ వీల్ స్పానర్ పడుతుంది. గ్లవ్ బాక్స్, డోర్ జేబులు, సీటు కింద, జాకీ పెట్టే థర్మాకోల్ గూడు, స్టెప్నీ కింద.

అక్క: స్టెప్నీ ఎలాగూ పైకి తీస్తారు కదా, అందులో గాలి కూడా చూసుకోండి.

తమ్ముడు: వచ్చేసింది. గాలి రాని ఎపిసోడ్ ఉందా మనకి?

అక్క: ఉండకూడదు. నువ్వు చెప్పు.

తమ్ముడు: కారులో లేకపోతే చివరిసారి చక్రాలు విప్పిన షాపుకెళ్లి అడగండి. వాళ్ల సాకెట్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. అక్కడా లేదంటే కోడ్. కొత్తగా కొన్నప్పుడు కీతో పాటు చిన్న కార్డు ఇస్తారు, దాని మీద నంబరుంటుంది. నంబరు దొరికితే అదే గాడి ఉన్న కీ తెప్పించుకోవచ్చు. కంపెనీ వేసిన నట్లయితే కొన్ని సర్వీస్ సెంటర్ల దగ్గర కీల సెట్టే ఉంటుంది, ఒక్కొక్కటీ పెట్టి చూస్తారు.

అక్క: ఏదీ కుదరకపోతే?

తమ్ముడు: అప్పుడు సుత్తి. లోపల మెలికల పళ్లుండే సాకెట్లు అమ్ముతారు. నట్టు తల మీద పెట్టి కొట్టి దిగ్గొట్టి, పొడవాటి రాడ్‌తో ఎడమకి తిప్పితే, తిప్పేకొద్దీ పళ్లు ఇంకా లోపలికి కొరుకుతాయి. అది లేకపోతే తల కన్నా కొంచెం చిన్నదిగా పన్నెండు మూలల సాకెట్ చూసి కొడతారు. ఆ సాకెట్ మళ్లీ పనికిరాదు, పాతది వాడండి. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, గట్టి ఉక్కు పెచ్చులుగా లేస్తుంది. కారు నేల మీదే ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి. మిగతా నట్లు ముందే విప్పొద్దు. అవి బిగిసి ఉంటేనే లాక్ నట్టు మీద భారం తగ్గి తేలిగ్గా కదులుతుంది.

అక్క: చుట్టూ తిరిగే రింగు ఉన్న రకం?

తమ్ముడు: దానికి ఇది పనిచేయదు. సాకెట్ ఆ రింగును పట్టుకుంటుంది, రింగు ఊరికే తిరుగుతుంది, లోపలి నట్టు కదలదు. ముందు ఆ రింగును ఊడగొట్టాలి. అక్కడి నుంచి షాపు పని. నట్టు మీద ఇంకో నట్టు వెల్డింగ్ చేసి తిప్పుతారు. ఆటోనగర్‌లో అది తెలిసిన వాళ్లున్నారు, కానీ బ్యాటరీ వైరు తీయించండి. వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లిప్పు ఆ చక్రం దగ్గరే పెట్టాలి, ఎక్కడో బాడీకి పెడితే కరెంటు బేరింగులోంచి పోయి బేరింగు పాడవుతుంది.

అక్క: నాకు అసలు ఒక ప్రశ్న. ఆ నట్లు ఎందుకురా?

తమ్ముడు: అంటే?

అక్క: పీకేయమంటాను. నల్గొండ సార్‌కి కూడా అదే సలహా. మామూలు నట్లు వేయించుకోండి. విజయవాడ హైవేలో చిల్లకల్లు టోల్ దాటాక టైరు పోయి నాకు జరిగింది నీకు తెలుసు. రాత్రి, వెనక సీట్లో అమ్మ. జాకీ ఉంది, స్పానర్ ఉంది, స్టెప్నీలో నిండుగా గాలి ఉంది. కీ లేదు. సర్వీస్‌కిచ్చిన చోట వాళ్లు తిరిగి పెట్టలేదు. లారీలు పక్కనుంచి పోతుంటే కారు ఊగేది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు, చెయ్యి మాత్రం వదల్లేదు.

తమ్ముడు: తెలుసక్కా. ఆ రాత్రి నేనూ నిద్రపోలేదు.

అక్క: ఆ నట్టు ఆ రోజు ఆపింది దొంగని కాదు, నన్ను.

తమ్ముడు: తప్పు నట్టుది కాదు, కీ తిరిగి పెట్టని వాడిది. నా దగ్గరికొచ్చే ఒకాయన కారు అపార్ట్‌మెంట్ బయట పెడితే, తెల్లారేసరికి ఇటుకల మీద ఉంది. నాలుగు అల్లాయ్‌లూ పోయాయి. అప్పు చేసి వేయించుకున్న చక్రాలు. ఆయనకి నట్లు పీకేయమని చెప్తావా?

అక్క: నువ్వు చెప్పిన మెలికల సాకెట్టే దొంగా కొనుక్కుంటాడు. ఆన్‌లైన్లో ఉంది.

తమ్ముడు: కొంటాడు. కానీ అర్ధరాత్రి నాలుగు చక్రాల దగ్గర సుత్తితో కొట్టాలి కదా. వాడికి కావాల్సింది తొందర, చప్పుడు లేకపోవడం. లాక్ నట్టు ఆ రెండూ లేకుండా చేస్తుంది. పక్క కారుకి పోతాడు.

అక్క: పక్క కారు వాళ్లు మనుషులు కారా?

తమ్ముడు: అక్కా, అది వేరే సంగతి.

అక్క: వేరేది కాదు. సరే, వీధిలో పార్కింగ్ చేసే వాళ్లకి ఒప్పుకుంటా. గేటు లోపల పెట్టుకుని వారం వారం హైవే ఎక్కే వాళ్లకి?

తమ్ముడు: పంక్చరైతే చక్రం విప్పక్కర్లేదు కదా. ట్యూబ్‌లెస్ టైరు. మేకు పీకి, ఆ రంధ్రంలో రబ్బరు స్ట్రిప్ దూర్చి, గాలి కొట్టుకుని వెళ్లిపోవచ్చు. 2020లో కేంద్రం రూల్ మార్చింది కూడా అందుకే. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సార్లు, పంక్చర్ కిట్టు ఉంటే కంపెనీ స్టెప్నీ ఇవ్వక్కర్లేదు.

అక్క: ఆ రూల్ ఎత్తకు నా దగ్గర.

తమ్ముడు: ఎత్తాను, ఇప్పుడేం చేస్తావు.

అక్క: టైరు పక్క గోడ చీలితే స్ట్రిప్ ఎక్కడ దూరుస్తావు? గుంతలో పడి చీలేది అక్కడే. కిట్టుతో ఏం చేస్తారు అప్పుడు? పిల్లలతో రోడ్డు మీద నిలబడతారు. స్టెప్నీ లేని కారు నేను కొనను. ఉన్నవాళ్లు నెలకోసారి దాని గాలి చూడండి, దయచేసి.

తమ్ముడు: పక్క గోడ విషయంలో నువ్వు చెప్పింది నిజం. అక్కడ ప్యాచ్ కూడా వేయం మేము.

అక్క: మరి?

తమ్ముడు: మరేముంది, కీ ఒకే చోట పెట్టండి. జాకీతో పాటు. కోడ్ ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. సర్వీస్‌కిస్తే తెచ్చుకునేటప్పుడు కీ అడిగి, చూసి తీసుకోండి. ఇంకోటి, గన్ను. షాపుల్లో నట్లు టకటకా తిప్పే మిషన్ ఉంటుందే, ఇంపాక్ట్ గన్ను, దాన్ని కీ మీద పెట్టనివ్వకండి. కీ పళ్లు విరిగేది దాంతోనే. మా కుర్రాళ్లకి రోజూ చెప్తా, చేత్తో తిప్పండిరా అని. బిగించేటప్పుడు కూడా మామూలు నట్లకి టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే స్పానర్. చాలా కార్లకి 100 నుంచి 120 న్యూటన్ మీటర్లు, మీ కారుది మాన్యువల్లో ఉంటుంది. గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే, రోడ్డు మీద ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఎలా విప్పుతారు?

అక్క: ఆడవాళ్లు అనకు. ఆ నట్టు నువ్వు కూడా విప్పలేవు.

తమ్ముడు: ఎవరూ విప్పలేరు, అదే నేను చెప్పేది. చక్రం వేయించాక 50, 100 కిలోమీటర్లు తిరిగి ఒకసారి బిగింపు చూపించుకోండి.

అక్క: అప్పుడే స్టెప్నీ కూడా.

తమ్ముడు: అప్పుడే స్టెప్నీ కూడా. నల్గొండ సార్, మీ నట్టు తల ఫొటో పంపండి, రింగు ఉందో లేదో చూసి చెప్తా. అక్కా, బయట ఎవరో హారన్ కొడుతున్నారు, అలైన్‌మెంట్ బండి వచ్చినట్టుంది.

అక్క: వెళ్లు. గన్ను పట్టుకోకు.

తమ్ముడు: నేనెప్పుడు పట్టుకున్నాను? ఆగు, ఇది ఆపేసి