స్టాన్‌ఫర్డ్ పేరు వెనక మనుషులు

సభకు నమస్కారం.

పిల్లలకు స్టాన్‌ఫర్డ్‌లో సీటు రావాలని కోరుకునే ఇళ్లు మన తెలుగువాళ్లలో చాలానే ఉన్నాయి. ఈ సాయంత్రం ఆ పేరుగల మనిషి గురించి, ఆయనకు ఆస్తి సంపాదించిపెట్టిన కూలీల గురించి మాట్లాడతాను.

లీలండ్ స్టాన్‌ఫర్డ్ 1824లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. లా చదువుకుని విస్కాన్సిన్‌లోని పోర్ట్ వాషింగ్టన్‌లో ప్రాక్టీస్ పెట్టారు. 1852లో అగ్నిప్రమాదం జరిగి లా పుస్తకాలన్నీ కాలిపోయాయి. అన్నదమ్ములు అప్పటికే కాలిఫోర్నియాలో, బంగారం తవ్వేవాళ్లకు సరుకులు అమ్ముతున్నారు. ఆయనా అక్కడికే వెళ్లి కొట్టు పెట్టారు.

1861లో శాక్రమెంటో వ్యాపారులతో కలిసి కాలిఫోర్నియా నుంచి తూర్పుకు రైలు మార్గం వేయడానికి సెంట్రల్ పసిఫిక్ రైల్వే కంపెనీ మొదలుపెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. అదే ఏడాది ఎన్నికల్లో కాలిఫోర్నియా గవర్నర్‌గానూ గెలిచారు. కంపెనీ ఆయనదే, రాష్ట్రమూ ఆయన చేతిలోనే! ఇది నాకు ఏ కాలపు లెక్కలోనూ సబబుగా అనిపించదు. పైగా కేంద్ర ప్రభుత్వం మైలు మైలుకీ బాండ్ల రూపంలో అప్పు ఇచ్చింది: మైదానంలో 16,000 డాలర్లు, కొండల్లో 48,000.

1862 జనవరిలో గవర్నర్‌గా మొదటి ప్రసంగంలోనే, చైనా నుంచి వచ్చేవాళ్లది తక్కువ జాతి అనీ, వాళ్లను ఇక్కడ స్థిరపడనివ్వకూడదనీ అన్నారు. మూడేళ్లు తిరక్కుండానే కంపెనీకి కూలీలు దొరకలేదు. చైనా కూలీలనే వేలల్లో పెట్టుకున్నారు. వాళ్లు లేకపోతే ఈ లైను పూర్తి కాదని 1865లో అమెరికా అధ్యక్షుడికి రాసిందీ ఆయనే.

లైను దాటాల్సిన సియెర్రా నెవాడా పర్వతాల శిఖరం దగ్గర 500 మీటర్ల పైచిలుకు సొరంగం, అంతా నల్లరాయి. ఉలితో బెజ్జం కొట్టి, మందుగుండు కూరి పేలిస్తే ఒక్కోవైపు రోజుకు అడుగు ముందుకెళ్లడమే గగనం. చలికాలంలో మంచు కింద దారులు తొలుచుకుని, బసనుంచి పనికి అందులోంచే నడిచారు. 1867 జూన్‌లో తెల్లవాళ్లతో సమానంగా జీతం కావాలని, పని గంటలు తగ్గించాలని వేలమంది పని ఆపేశారు. కంపెనీ భాగస్వామి చార్లెస్ క్రాకర్ వాళ్లకు తిండి సరఫరా ఆపించాడు. వారంలో సమ్మె ముగిసింది. 1869 మే 10న యూటాలో, తూర్పు నుంచి వేసుకొచ్చిన లైనుతో ఈ లైను కలిసిన చోట, చివరి బంగారు మేకు కొట్టిన గౌరవం మాత్రం స్టాన్‌ఫర్డ్‌గారిది.

1884లో ఒక్కగానొక్క కొడుకు, పదిహేనేళ్లవాడు, ఇటలీలో టైఫాయిడ్‌తో పోయాడు. ఆ తల్లిదండ్రుల కడుపుకోతను నేను తక్కువ చేయను. ఆ పిల్లాడి పేరుమీదే 1891లో విశ్వవిద్యాలయం తెరిచారు. మొదట్లో ఫీజు లేదు, ఆడపిల్లలనూ చేర్చుకున్నారు. అప్పటికి సెనేటర్‌గా ఉన్న ఆయన 1893లో చనిపోయారు.

ఆ విశ్వవిద్యాలయంలోని చరిత్రకారులే 2012లో ఈ చైనా కూలీల చరిత్ర వెతకడం మొదలుపెట్టారు. కూలీలు ఇంటికి రాసిన ఒక్క ఉత్తరం కూడా దొరకలేదు. కంపెనీ జీతాల పట్టీలు దొరికాయి. వాటిలో ఎక్కువగా ఉన్నవి ముఠా మేస్త్రీల పేర్లే.