మారే చోటు

(శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు కాబట్టి ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను.

డిజైన్ ప్యాటర్న్స్, అంటే కోడ్ రాసేటప్పుడు పదే పదే ఎదురయ్యే చిక్కులకి పేరు పెట్టి దాచుకున్న పరిష్కారాలు, అనగానే ఫైనల్ ఇయర్ వాళ్లకి ముందు ఇంటర్వ్యూ టెన్షన్ గుర్తొస్తుంది. సింగిల్టన్ అంటే ఏమిటి, ఫ్యాక్టరీకీ అబ్‌స్ట్రాక్ట్ ఫ్యాక్టరీకీ తేడా ఏమిటి అని బట్టీ పట్టి వెళ్తారు. ఉద్యోగం వస్తే మంచిదే. చిక్కంతా ఆ తర్వాత. బట్టీ పట్టినవన్నీ మొదటి ప్రాజెక్టులోనే వాడెయ్యాలనిపిస్తుంది. నేనివాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్యాటర్న్ పెట్టాల్సింది కోడ్ మారే చోట. మారని చోట పెడితే చాకిరీ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

అసలు ఈ ఆలోచన కంప్యూటర్ల వాళ్లది కాదు, ఇళ్లు కట్టేవాళ్లది. క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే ఆర్కిటెక్ట్ తన సహచరులతో కలిసి 1977లో 253 ప్యాటర్న్‌లను పుస్తకంగా తెచ్చారు. గదికి ఒక్క వైపు నుంచే వెలుతురు వస్తే జనం అక్కడ ఉండటానికి ఇష్టపడరు, రెండు వైపుల నుంచి రావాలి అన్నది అందులో ఒకటి. కిటికీ ఎన్ని అడుగులుండాలో మాత్రం అది చెప్పదు. అది మీ ఇంటిని బట్టి మీరు తేల్చుకోవాలి.

మన తీరంలో చుట్టిళ్లు చూసే ఉంటారు. గుండ్రటి మట్టి గోడ, దాదాపు నేల దాకా దిగిన తాటాకు కప్పు. తుపాను గాలి వచ్చి గుద్దుకోవడానికి మూలలు ఉండవు, పక్కలకి జారిపోతుంది. 2018లో తిత్లీ ఉద్దానాన్ని ఏం చేసిందో చూసినవాళ్లకి గాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఏ రెండు చుట్టిళ్లూ అచ్చు ఒకేలా ఉండవు, కట్టే తీరు మాత్రం ఒకటే. అదే ఇంటిని తీసుకెళ్లి అనంతపురంలో కడితే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, ఆ కప్పు కాచుకోవాల్సిన గాలి అక్కడ లేదు. ప్యాటర్న్‌ని దాని ఊరి నుంచి విడదీస్తే మిగిలేది సోకే.

1987లో కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు ఈ పద్ధతిని స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రీన్లు డిజైన్ చెయ్యడానికి వాడి చూశారు. 1994లో ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడిస్ కలిసి 23 ప్యాటర్న్‌లతో పుస్తకం తెచ్చారు. మీ సిలబస్‌లో ఉన్నవి అవే. అందులో ఉదాహరణలు సీ ప్లస్ ప్లస్, స్మాల్‌టాక్ భాషల్లో ఉంటాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి ఆర్డర్లు తీసుకునే సైటు కడుతున్నామనుకోండి. గుండు పప్పులో డబ్ల్యూ 180, 210, 240, 320 అని గ్రేడులుంటాయి. పౌనుకి సుమారుగా ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె తగ్గితే పప్పు పెద్దది, రేటూ పెద్దదే. బద్ద వేరు, ముక్క వేరు. మొదటి రోజు మన కోడ్ ఒక్క లైను: గ్రేడు రేటు ఇంటూ కేజీలు. ఇక్కడ ఏ ప్యాటర్నూ అక్కర్లేదు. "ముందు ముందు అవసరం పడొచ్చు కదా" అంటూ మీ టీములో ఎవరైనా కోడ్‌లో ఆరు క్లాసులు రాయడం మొదలుపెడితే, టీ తాగుదాం రమ్మని బయటికి తీసుకుపోండి.

కొన్నాళ్లకి షావుకారు ఫోన్ చేస్తాడు. "బాబూ, టిన్నుల లెక్కన తీసుకునేవాళ్లకి రేటు వేరేనండి." సరే, కోడ్‌లో ఒక ఇఫ్, అంటే "ఇలా అయితే ఇలా చెయ్యి" అనే షరతు. "దీపావళి గిఫ్టు ప్యాకెట్లకి ఇంకో లెక్కండి." ఇంకో ఇఫ్. "బరంపురం పార్టీకి మాత్రం పాత రేటే వెయ్యండి, మాటిచ్చేశాను." ఈ మూడో ఇఫ్‌తో ఫంక్షన్ స్క్రీన్ దాటిపోతుంది. పండగ తగ్గింపు సరిచేస్తే హోల్‌సేల్ బిల్లు తప్పుతుంది. పైగా అవే ఇఫ్‌లు కార్ట్ పేజీలో ఒకసారి, బిల్లులో ఒకసారి కాపీ అయి ఉంటాయి. మారే చోటు ఏదో షావుకారే వేలు పెట్టి చూపించాడన్నమాట. ఒకే పనికి ఉన్న రకరకాల లెక్కల్ని విడదీసి, కావాల్సినది అందించే స్ట్రాటజీ ప్యాటర్న్ ఇప్పుడు పెట్టాలి.

ఒక్కో లెక్కనీ విడి ఫంక్షన్ చేస్తాం. అన్నీ గ్రేడు, కేజీలు తీసుకుని మొత్తం తిరిగిస్తాయి. ఏ రకం కొనుగోలుదారుకి ఏ ఫంక్షనో ఒక చిన్న పట్టికలో రాసుకుంటాం. బిల్లు వేసే కోడ్‌కి బరంపురం సంగతి తెలియనక్కర్లేదు, చేతికిచ్చిన ఫంక్షన్‌ని పిలిచి వచ్చిన అంకె వేసుకుంటుంది. కొత్త పార్టీ వస్తే ఒక ఫంక్షన్, పట్టికలో ఒక వరుస, అంతే. పాత లెక్కల జోలికి పోం. ఇదేమీ ఊరికే రాదు. రేపు బిల్లు తేడా వచ్చిందంటే ఏ ఫంక్షన్ నడిచిందో పట్టిక చూసి వెతుక్కోవాలి. మొదటి రోజు ఆ ఒక్క లైనుకి ఈ ఖర్చు దండగ, ఇవాళ కాదు.

ఇదే పనిని సీ ప్లస్ ప్లస్‌లో పాత పద్ధతిలో చెయ్యాలంటే ఒక బేస్ క్లాసు, దాని కింద లెక్కకో క్లాసు కావాలి. జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్ ఇస్తే సరిపోతుంది. అరేని సార్ట్ చెయ్యడానికి పోలిక ఫంక్షన్ ఎప్పుడైనా ఇచ్చారా? అయితే స్ట్రాటజీ ఎప్పుడో వాడేశారు. 1996లో పీటర్ నార్విగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త లెక్కేసి చూపించారు: ఆ 23లో 16 ప్యాటర్న్‌లు లిస్ప్, డిలన్ లాంటి భాషల్లో తేలికైపోతాయి, కొన్నయితే కనిపించకుండానే పోతాయి. కాబట్టి పుస్తకంలో బొమ్మ చూసి క్లాసుకి క్లాసు దించకండి.

వెబ్‌లో మీకు రోజూ తగిలేది అబ్జర్వర్, అంటే ఒకచోట మార్పు జరిగితే కాచుకుని ఉన్నవాళ్లందరికీ కబురు అందే ప్యాటర్న్. బటన్ నొక్కితే ఏ ఫంక్షన్ నడవాలో చెబుతూ యాడ్ ఈవెంట్ లిజనర్ పెట్టడం అదే. కార్ట్ మారితే పైన అంకె, కింద మొత్తం, పక్కన డెలివరీ చార్జీ ఎవరికి వారే మారతాయి, కార్ట్‌కి వాళ్లెవరో తెలియదు. చాలా బాగుంటుంది, లిజనర్ తియ్యడం మర్చిపోయేదాకా. పేజీ రీలోడ్ కాని యాప్‌లో, తెరిచిన ప్రతిసారీ అదే బటన్‌కి కొత్త లిజనర్ తగిలిస్తూ పోతే ఒక్క క్లిక్‌కి రెండు ఆర్డర్లు పడతాయి. షావుకారు రెండు టిన్నులూ పంపేస్తాడు. స్క్రీన్లు కట్టే రియాక్ట్ లైబ్రరీలో, యూజ్ ఎఫెక్ట్ నుంచి క్లీనప్ ఫంక్షన్ (తగిలించినవి తీసేసేది) తిరిగివ్వమనేది ఇలాంటి వాటికే.

లోపలి తతంగానికి ముందు ఒక తేలికైన ముఖం పెట్టే ఫసాడ్ ప్యాటర్న్ గురించి రెండు ముక్కలు. 2006లో వచ్చిన జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని తీసుకోండి. బ్రౌజర్‌కో రకంగా ఉన్న తతంగాన్నంతా లోపల దాచి, బయటికి ఒక్క తీరు చూపించింది. బ్రౌజర్లు దారికొచ్చాక ఆ అవసరం చాలా మటుకు తీరిపోయింది.

ఇక మీ ఇంటర్వ్యూల ముద్దుబిడ్డ సింగిల్టన్, అంటే ఒక క్లాసుకి ప్రోగ్రామ్ మొత్తంలో ఒకే ఒక్క ఆబ్జెక్ట్ ఉండేలా చూసే ప్యాటర్న్. పుస్తకం రాసిన గామాయే 2009లో ఒక ఇంటర్వ్యూలో దీన్ని తీసేస్తే మేలన్నారు. జావాస్క్రిప్ట్ మాడ్యూల్ (విడి కోడ్ ఫైలు) మామూలుగా ఒక్కసారే లోడవుతుంది కాబట్టి, దాన్నుంచి ఎగుమతి చేసిన ఆబ్జెక్ట్ అందరికీ ఒకటే. ప్రత్యేకంగా కట్టే పని లేదు. ప్రమాదం సర్వర్ మీద ఉంది. సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ఒకే ప్రాసెస్ ఎంతోమంది రిక్వెస్టులు చూస్తుంది. లాగిన్ అయినవాళ్ల వివరాలు అలాంటి ఆబ్జెక్ట్‌లో పెడితే, టెక్కలి ఆయన కార్ట్ ఆమదాలవలస ఆమెకి కనిపిస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో మీరొక్కరే కాబట్టి టెస్టింగ్‌లో ఇది బయటపడదు. డేటాబేస్ కనెక్షన్ పూల్ (అందరూ పంచుకునే కనెక్షన్ల గుంపు) లాంటిది అలా ఉంచండి, మనుషుల వివరాలు మాత్రం వద్దు.

ఇప్పుడు ల్యాప్‌టాపులు తెరిచి, మీ మినీ ప్రాజెక్టులో గిట్ లాగ్, అంటే కోడ్‌లో చేసిన మార్పుల చిట్టా, చూడండి. ఏ ఫైలు ఎక్కువసార్లు మారిందో వెతికి దాన్ని తెరిచి ఉంచండి. నేను బెంచీల మధ్యకి వస్తాను, అందులో ఇఫ్‌లు ఎన్నున్నాయో అక్కడి నుంచి మాట్లాడుకుందాం.