బొట్టు పెట్టి పిలిచినట్టు

(హైదరాబాద్‌లో కొత్తగా ఏర్పడిన ఒక కాలనీ సంక్షేమ సంఘం మొదటి సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున ఇంటి పనులు పక్కన పెట్టి ఈ షామియానా కిందికి వచ్చిన మీకందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. "మీ అనుభవం చెప్పండి మేడం" అని మీ అధ్యక్షులు గారు మా ఇంటికి వచ్చి పిలిచారు. ప్రభుత్వ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాక, 2017 నుంచి ఆరేళ్ళు మా కాలనీ సంఘానికి సెక్రెటరీగా ఉన్నాను. ఆ ఆరేళ్ళలో నాకు తెలిసివచ్చిన సంగతులే చెబుతాను.

మా కాలనీ ఉప్పల్ దాటాక ఉంటుంది. ఏడు గల్లీలు, 186 ఇళ్ళు. సెక్రెటరీ అయిన కొత్తలో మొదటి మీటింగుకు 186 గేట్లలోనూ కరపత్రాలు వేయించాను. మైకు పెట్టించాను, కుర్చీలు వంద తెప్పించాను. వచ్చింది 11 మంది. అందులో తొమ్మిది మంది కమిటీ వాళ్ళే. ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడి, "ఎవ్వరికీ పట్టింపు లేదు" అని ఏడ్చినంత పని చేశాను. మా ఎదురింటి పెద్దమ్మ విన్నది. చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూనే అన్నది: "పట్టింపు లేకేం బిడ్డా! నువ్వు పిలిస్తే గద వచ్చేది. కాయితం గేట్ల ఏసిపోతే పిలిచినట్టయితదా? మనింట్ల పెండ్లయితే గట్లనే పిలుస్తమా? బొట్టు పెట్టి, వదినా పొద్దుగాలనే రావాలె, పసుపు దంచాలె అని పని చెప్పి పిలుస్తం."

పని చెప్పి పిలవడం. ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్ర పోనివ్వలేదు. పెళ్ళిలో పసుపు దంచే వదినకు తెలుసు, తాను రాకపోతే ఆ పని ఆగుతుందని. మా మీటింగుకు రాకపోతే ఏం ఆగుతుంది? ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది, అంతే. రమ్మన్నాను గానీ, వచ్చి ఏం చేయాలో ఎవ్వరికీ చెప్పలేదు.

మరునాడు 200 పేజీల నోట్‌బుక్ ఒకటి కొన్నాను. ఇంటికో పేజీ. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, దాదాపు మూడు నెలలు గల్లీ గల్లీ తిరిగాను. మాతో ముస్లిం కుటుంబాలున్నాయి, క్రైస్తవ కుటుంబాలున్నాయి. అందుకని కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళలేదు. కానీ ప్రతి ఇంట్లోనూ గేటు తీసుకుని లోపలికి వెళ్ళి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, పేరు పెట్టి పలకరించాను. సంఘం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. రెండే ప్రశ్నలు. మీ ఇంటి ముందు ఏం ఇబ్బంది ఉంది? మీకు బాగా వచ్చిన పని ఏది? రెండోది అడిగినప్పుడు మనుషుల ముఖాలు వెలగడం చూశాను. మీరూ అడిగి చూడండి.

నాలుగో గల్లీలో ఒక పెద్దాయన. జలమండలిలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఎవరితోనూ కలవరు, గణపతి మండపానికి కూడా రారు అని చుట్టుపక్కల పేరు. ఆయన పేజీలో "నల్లా లైన్లు తెలుసు" అని రాసుకుని వచ్చాను. రెండు నెలలకు ఆ గల్లీలోనే నల్లాల్లో మురికి నీళ్ళు మొదలయ్యాయి. ఫిర్యాదు చేస్తే వస్తున్నారు, రెండు చోట్ల తవ్వుతున్నారు, దొరకక పూడ్చి పోతున్నారు. నాలుగు రోజులైంది. పిల్లలకు విరేచనాలు. అప్పుడు ఆ పేజీ గుర్తొచ్చింది. వెళ్ళి అడిగాను. ఆయన ఏం మాట్లాడకుండా చొక్కా వేసుకుని, ఒక ఇనుప కడ్డీ, నా దగ్గరున్న సుద్దముక్క తీసుకుని రోడ్డు మీదికి వచ్చారు. వంగి వంగి నడుస్తూ, కడ్డీతో తట్టి చెవి పెట్టి వింటూ, లైను ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో సుద్దతో గీశారు. ఒక మ్యాన్‌హోల్ పక్కన పెద్ద ఇంటూ గుర్తు పెట్టి, "ఇక్కడ జాయింటు. డ్రైనేజీ దీని మీదినుంచే పోతది. ఇక్కడ తవ్వమనండి" అన్నారు. తవ్వారు. అక్కడే ఉంది.

ఆయన ఆ గల్లీలో అప్పటికి 14 ఏళ్ళుగా ఉంటున్నారు. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు సార్?" అన్నాను. "ఎవ్వరూ అడగలేదమ్మా" అన్నారు. ఆ తర్వాత కాలనీ మొత్తం లైన్ల పటం ఆయనే గీసి ఇచ్చారు. అది ఇప్పటికీ మా సంఘం బీరువాలో ఉంది.

మీ సంఘం రిజిస్ట్రేషన్ అయిందని విన్నాను, సంతోషం. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు ఉంటే చాలు, సంఘం పుడుతుంది. ఆ ఏడుగురితోనే ఏళ్ళ తరబడి నెట్టుకొస్తున్న కాలనీలు నేను చాలా చూశాను. లెటర్‌హెడ్ ఉంటుంది, రబ్బరు స్టాంపు ఉంటుంది, కార్పొరేటర్‌తో ఫోటో ఉంటుంది. ఐదో గల్లీలో ఎవరున్నారో తెలియదు. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. ఊరి పనుల్లో మన మాటకు చోటుండాలని చట్టమే అంటున్నప్పుడు, మన గల్లీలో మన పక్కింటివాళ్ళ మాటకు మనం చోటివ్వకపోతే ఎట్లా?

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఇంటి ఓనర్లు ఏమీ అనుకోవద్దు. మా 186 ఇళ్ళలో పోర్షన్లు లెక్కేస్తే సగానికి పైగా అద్దెకున్న కుటుంబాలే. మా బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో మాత్రం ఓనర్లకే సభ్యత్వం. "రేపు ఖాళీ చేసిపోయేవాళ్ళకు సంఘంలో ఏం పని?" అని పెద్ద గొడవే అయింది. దోమ ఓనరెవరు, కిరాయిదారెవరు అని చూసి కుడుతుందా? ఎనిమిది నెలల వాదనల తర్వాత సర్వసభ్య సమావేశంలో బైలాస్ మార్చి, అద్దెకున్నవాళ్ళను అసోసియేట్ మెంబర్లుగా చేర్చుకున్నాం. ఎన్నికల్లో ఓటు ఉండదు, మిగతా అన్నిటిలో మాట ఉంటుంది. ఓటు కూడా ఇవ్వాలనే నా అభిప్రాయం. అక్కడ నేను ఓడిపోయాను.

2019 వానాకాలంలో డెంగీ ఈ నగరాన్ని ఎట్లా వణికించిందో మీకు గుర్తుండే ఉంటుంది. మా రెండో గల్లీలో పెంట్‌హౌస్‌లో ముగ్గురు నర్సింగ్ చదివే అమ్మాయిలు అద్దెకుండేవాళ్ళు. వాళ్ళు ఒక గాజు గ్లాసులో, ఎవరి కూలర్‌లోంచో తీసిన నీళ్ళు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. "ఆంటీ, ఒకసారి వెలుతురులో చూడండి" అని గ్లాసు ఎత్తి పట్టేవాళ్ళు. నీళ్ళలో సన్నగా, దారపు ముక్కల్లా మెలికలు తిరుగుతూ దోమ పిల్లలు. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు, అందుకే వారానికోసారి నీళ్ళన్నీ పారబోయాలి అని చెప్పేవాళ్ళు. ఎన్ని కరపత్రాలు వేసినా కదలని ఇళ్ళలో, ఆ గ్లాసు చూశాక పూలకుండీల కింది పళ్ళేలు, పాత టైర్లు బయటికి వచ్చాయి. మరుసటి ఏడాది వేసవిలో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇల్లు చూసుకోండని మున్సిపల్ శాఖ పిలుపిచ్చింది. అప్పటికే మాకు ఆ అలవాటు వచ్చింది. ఆ అమ్మాయిలు చదువయ్యాక వెళ్ళిపోయారు. పోయేవాళ్ళు చేసిన పని మా దగ్గర ఉండిపోయింది.

ఇంకుడు గుంతల సంగతి. వంద చదరపు మీటర్ల స్లాబు మీద ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. మన హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్లు పడుతుంది. అంటే ఒక్క ఇంటి మీదినుంచి 80,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 16. ఏప్రిల్‌లో మనం డబ్బులు పోసి కొనే నీళ్ళు ఆగస్టులో మన గేటు ముందునుంచే మోరీలోకి పోతున్నాయి. ఈ లెక్క చెబితే అందరూ తలూపారు, గుంత ఎవ్వరూ తవ్వలేదు. మూడో గల్లీలో మేస్త్రీ పని చేసే భాయ్ ఒకాయన, తన ఇంటి ముందు ఒకటి తవ్వి, అడుగున పెద్ద రాళ్ళు, వాటి మీద కంకర, పైన దొడ్డు ఇసుక పోసి చూపించాక కదిలారు. ప్రతి గుంతకూ ఒక ఇల్లు బాధ్యత. మృగశిర కార్తె వచ్చేలోగా పైన పేరుకున్న మట్టి తీసి ఇసుక మార్చడం ఆ ఇంటివాళ్ళ పని. అందరిదీ అని వదిలేసిన రెండు గుంతలు ఏడాది తిరక్కుండానే పూడిపోయాయి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. పని చేసేవాళ్ళు దొరికారు కదా అని అన్నీ వాళ్ళ మీదే వేశాను. బతుకమ్మ ఏర్పాట్లు, తడి చెత్త పొడి చెత్త తనిఖీ, చెత్త ఆటో అతనితో మాట్లాడటం, మూడూ ఒక్క చెల్లెలే చూసేది. ఒకరోజు రావడం మానేసింది. వెళ్ళి అడిగితే, "మేడం, మా గల్లీలో 26 ఇళ్ళున్నయి. మీకు నా ఇల్లొక్కటే కనపడతది" అన్నది. ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను. అప్పటినుంచి ఒక మనిషికి ఒకటే పని, అదీ ఆరు నెలలే అని పెట్టుకున్నాం.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. పార్కు గేటు దగ్గర నల్లబోర్డు పెట్టి, ఈ నెల వచ్చిందెంత, ఖర్చెంత, మిగిలిందెంత అని రాయండి. నెలకు 200 రూపాయలు ఇవ్వని ఇళ్ళు, బోర్డు పెట్టిన నాలుగు నెలలకు అడగకుండానే ఇవ్వడం మొదలుపెట్టాయి. వాట్సాప్ గ్రూపు కూడా ఉంచుకోండి, సమాచారానికి పనికొస్తుంది. పిలుపుకు మాత్రం పనికిరాదు.

2020 అక్టోబరు 13 రాత్రి వాన మీరెవ్వరూ మరిచిపోయి ఉండరు. చెరువుల కింది కాలనీల్లో పడవలు తిరిగిన వాన అది. మా ఏడో గల్లీ పల్లంలో ఉంటుంది. రాత్రి పదకొండుకు కరెంటు పోయింది, నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఫోన్ టార్చి వెలుతురులో నా నోట్‌బుక్ తీశాను. ఏడో గల్లీ, ఎనిమిదో ఇల్లు: "భార్యాభర్తలు ఇద్దరే. కింది పోర్షన్. ఆయనకు మోకాళ్ళ ఆపరేషన్. పిల్లలు దూరం." ముగ్గురు పిల్లగాళ్ళు వెళ్ళి ఆయన్ను కుర్చీతో సహా ఎత్తి మేడ మీదికి చేర్చారు. ఆమెను ఒక కాలేజీ కుర్రాడు వీపు మీద మోశాడు. తెల్లారేసరికి ఆ ఇంట్లో మంచం మీదికి నీళ్ళొచ్చాయి. ఆ పేజీ రాసిన సాయంత్రం ఆ అమ్మ నాకు సర్వపిండి పెట్టింది. ఆ రోజు నేను గేటు దగ్గరే నిలబడి కాగితం ఇచ్చి వచ్చి ఉంటే, ఆ ఇంట్లో ఎవరున్నారో మాకెవ్వరికీ తెలిసేది కాదు.

మీ కాలనీలో 92 ఇళ్ళన్నారు. సాయంత్రానికి ఐదిళ్ళు చూసినా పంతొమ్మిది సాయంత్రాలు. నోట్‌బుక్ నేనే తెచ్చాను, ఇదిగో. పేజీలకు అంకెలు వేసి పెట్టాను. మొదటి వారం నేనూ వస్తాను.

ఆ చివర, షామియానా గుంజ పట్టుకుని బయటే నిలబడ్డావు చూడు, చంకలో పాపతో. నిన్నే చెల్లెమ్మా. పొద్దుటినుంచీ వింటున్నావు, లోపలికి రాలేదు. రా, ఇక్కడ కుర్చీ ఉంది. మీది ఏ గల్లీ?